ఉంగరం చుట్టూ అల్లిన ఊహ

గాబ్రియేల్ అగ్రెస్ట్ కొడుకు మీద అరవడు. గొంతు పెంచాల్సిన అవసరం అతనికి రాదు. నిటారుగా నిలబడి, ఇవాళ బయటికి వెళ్ళడం కుదరదనో, ఫలానా స్నేహితులతో తిరగొద్దనో చల్లగా చెప్తాడు. అడ్రియన్ ముఖంలో ఎదురు చెప్పాలన్న ఆరాటం ఒక్క క్షణం మెరుస్తుంది. అంతలో తండ్రి వేళ్ళు తన పెళ్ళి ఉంగరం మీదికి పోతాయి. కొడుకు తల వంచేస్తాడు.

చాలామంది దీన్ని ఒక పెద్దమనిషి అలవాటుగానే చూశారు. ఆలోచనలో పడినప్పుడు ఉంగరం తిప్పుకునే మనుషులు మన ఇళ్ళల్లోనూ ఉంటారు కదా. కొద్దిమంది అభిమానులు మాత్రం అక్కడ ఆగి, వెనక్కి తిప్పి మళ్ళీ చూశారు. ఆ చెయ్యి కదలడానికీ, ఆ అబ్బాయి లొంగిపోవడానికీ మధ్య ఏదో ఉందని పట్టుకున్నారు. ఏళ్ళ తరబడి పెంచిన ఆ ఊహ అక్షరాలా నిజమైంది. ఒక పిల్లల సీరియల్ విషయంలో ఇంత పకడ్బందీ పనితనం చూసి నేను నిజంగా ముచ్చటపడ్డాను. కథ అల్లినవాళ్ళది ఎంత నేర్పో, ఆ అల్లికను విప్పి చూసినవాళ్ళదీ అంత నేర్పే.

సీరియల్ పేరు ‘మిరాక్యులస్: టేల్స్ ఆఫ్ లేడీబగ్ అండ్ క్యాట్ న్వార్’. తోమా ఆస్ట్రుక్ సృష్టించిన ఈ ఫ్రెంచ్ యానిమేషన్ కథ పారిస్‌లో జరుగుతుంది. తయారీలో కొరియా, జపాన్ సంస్థల చేయి కూడా ఉంది. అందుకేనేమో, మొట్టమొదట ప్రసారమైంది 2015 సెప్టెంబరు 1న దక్షిణ కొరియాలోని ఈబీఎస్ చానల్లో. ఫ్రాన్స్‌లో టీఎఫ్1 చానల్‌కి వచ్చింది అక్టోబరు 19న.

మారినెట్ బేకరీ నడిపే దంపతుల కూతురు. మహిమగల చెవికమ్మలు పెట్టుకుంటే లేడీబగ్ అవుతుంది. ఆమె క్లాసులోనే చదివే అడ్రియన్ పేరుమోసిన ఫ్యాషన్ డిజైనర్ కొడుకు, మోడల్. అతని వేలికీ ఒక మహిమగల ఉంగరం ఉంది. దాని వల్ల అతను క్యాట్ న్వార్ అవుతాడు. తండ్రి పెళ్ళి ఉంగరం వేరు, ఇది వేరు. మారినెట్‌కి అడ్రియన్ అంటే ప్రాణం, క్యాట్ న్వార్ ప్రేమను మాత్రం నవ్వుతూ తోసేస్తుంది. అడ్రియన్‌కి లేడీబగ్ అంటే ప్రాణం, మారినెట్ మంచి స్నేహితురాలు మాత్రమే. ఉన్నది ఇద్దరే మనుషులు, నడిచేవి నాలుగు ప్రేమకథలు. ఒకరి ముసుగు వెనక ఎవరున్నారో రెండోవారికి తెలియదు.

వీళ్ళకి ఎదురుగా హాక్ మాత్. ఎవరైనా మనసు గాయపడి కుంగిపోయిన క్షణంలో ఒక నల్ల సీతాకోకచిలుకను పంపుతాడు. అది వాళ్ళకి ప్రియమైన వస్తువులో దూరి వాళ్ళని దుష్టశక్తులుగా మార్చేస్తుంది. అతనికి కావలసింది ఆ కమ్మలూ, ఆ ఉంగరమూ. రెండూ ఒకచోట చేరితే ఒక్క కోరిక తీరుతుంది. అయితే తీరిన కోరికకు సరిసమానమైన మూల్యం చెల్లించాలి.

మొదటి సీజన్ 26 ఎపిసోడ్లను వరసగా చూసిన పెద్దవాళ్ళు విసుక్కోవడం సహజం. ప్రతిసారీ అదే తంతు. ఎవరో బాధపడతారు, సీతాకోకచిలుక వస్తుంది, ఊరు అతలాకుతలమవుతుంది, లేడీబగ్ చేతిలోకి చుక్కలున్న ఎర్రటి వింత వస్తువొకటి వచ్చి పడుతుంది. దాన్ని ఎలా వాడాలో ఆమె ఆలోచించుకోవాలి. శక్తి వాడాక ముసుగు నిలిచేది 5 నిమిషాలే. చివరికి కూలినవన్నీ తిరిగి లేచి నిలబడతాయి. పసిపిల్లలకి ఈ పునరావృత్తి ఒక హాయి. కథకులకి మాత్రం అది పనిముట్టు. అన్నీ ఒకేలా జరిగే చోట ఏ ఒక్కటి తేడాగా జరిగినా కంటికి ఆనుతుంది. ప్రతి వారం అదే గది, అదే కిటికీ, అదే మనిషి నిలబడే తీరు చూపిస్తూ, ఒక వారం మాత్రం అతని చెయ్యి ఇంకో చోటికి పోతే, అలవాటుపడిన కన్ను దాన్ని పట్టుకోక మానదు. ఈ సీరియల్ రచయితలు ఒక్క మాటా అనకుండా ఆధారాలు పరిచింది ఈ మూస మీదే.

ఇంకొక బలం నియమాలు. ఏ నగ ఏ శక్తినిస్తుంది, దానికి హద్దేమిటి, వస్తువు విరిగితే ఏమవుతుంది అన్నవి పాత్రల నోట ముందే పలికిస్తారు. ఒకసారి చెప్పాక ఆ మాటకి కట్టుబడతారు. మాయలున్న కథల్లో ఇది అరుదు. అవసరం పడ్డప్పుడల్లా కొత్త మంత్రం పుట్టించే కథలో ప్రేక్షకుడు ఊహించడానికి ఏమీ ఉండదు. చుక్కలు పెట్టి ఉంచితేనే కదా ముగ్గు ఎటు తిరుగుతుందో పక్కింటావిడ కూడా చెప్పగలిగేది.

అభిమానులు ఊహలకు దిగింది హాక్ మాత్ ఎవరన్న ప్రశ్నతోనే. గాబ్రియేల్ మీద అనుమానం మొదటి సీజన్‌లోనే పుట్టింది. ఆ సీజన్‌కి ముగింపుగా నిలిచిన ‘వోల్పినా’ ఎపిసోడ్‌లో అతను భార్య చిత్రపటం వెనకున్న ఇనప్పెట్టె తెరుస్తాడు. లోపల ఈ మహిమగల నగల గురించిన ఒక పాత పుస్తకం, భార్య ఫొటో, నెమలి ఆకారపు బ్రోచ్ కనిపిస్తాయి. రెండో సీజన్ మొదట్లో ‘ది కలెక్టర్’ ఎపిసోడ్‌కి వచ్చేసరికి లేడీబగ్‌కి కూడా అదే అనుమానం వస్తుంది. ఆ పుస్తకం అతని దగ్గర ఉన్నదంటే అతనే హాక్ మాత్ కావాలి. దీనికి గాబ్రియేల్ వేసిన ఎత్తు చూడండి. తన సీతాకోకచిలుకను తన మీదే వదులుకుని, తానే బాధితుడిగా మారి, లేడీబగ్ చేతుల్లో ఓడిపోతాడు. హాక్ మాత్ చేతికి చిక్కినవాడు హాక్ మాత్ ఎలా అవుతాడని ఆమె తృప్తిపడి వెళ్ళిపోతుంది. వెళ్ళాక మనకి మాత్రం నిజం చూపిస్తారు.

ఆ ఒక్క ఎపిసోడ్‌తో అభిమానుల ఊహ నిజమని ఒప్పుకున్నారు, కథానాయిక దగ్గర దాన్ని అబద్ధం చేసి పెట్టారు. ఇక ఐదో సీజన్ చివరిదాకా మనకి తెలిసినది ఆమెకి తెలియదు. రహస్యాన్ని వీలైనంత కాలం లాగి డబ్బు చేసుకుందామనుకునే రచయితలు ఈ పని చెయ్యరు. సమాధానం చెప్పేసి కూడా ఉత్కంఠ నిలబెట్టగలమన్న నమ్మకం ఉన్నవాళ్ళే చేస్తారు. నా దృష్టిలో ఈ సీరియల్ ఎదిగింది ఆ ఎపిసోడ్‌లోనే.

అందరి చూపూ ఆ ముసుగు మీద ఉండగా, ఇనప్పెట్టెలోని నెమలి బ్రోచ్ నిశ్శబ్దంగా పడి ఉంది. దాని శక్తి రంగం మీదికి వచ్చేది రెండో సీజన్ చివర్లో, గాబ్రియేల్ సహాయకురాలు నతాలీ దాన్ని పెట్టుకున్నప్పుడు. దానికో నియమం ఉంది. పెట్టుకున్నవారు ఒక ఈకలో భావోద్వేగాన్ని నింపి ఏదైనా వస్తువులోకి పంపితే ఒక ప్రాణి పుడుతుంది. దాన్ని సెంటీమాన్‌స్టర్ అంటారు. ఆ వస్తువు ఎవరి చేతిలో ఉంటే ఆ ప్రాణి వాళ్ళ మాట వినాలి. బ్రోచ్ దెబ్బతిని ఉంది కాబట్టి వాడినవాళ్ళ ఆరోగ్యం క్షీణిస్తుంది. నతాలీ దగ్గుతో కుప్పకూలిపోవడం చూస్తాం. గాబ్రియేల్ భార్య ఎమిలీ భవనం కింద గాజు పేటికలో కదలిక లేకుండా పడి ఉంది. ఆమెకి పట్టింది కూడా ఇదే జబ్బని అర్థమవుతుంది.

అసలు అల్లిక ఇక్కడ మొదలైంది. ఎమిలీ జబ్బుపడిందంటే బ్రోచ్ వాడింది. వాడిందంటే ఏదో ఒక ప్రాణిని పుట్టించింది. మరి ఆ ప్రాణి ఏది? కథ ఈ ప్రశ్న అడగలేదు. అడిగింది ప్రేక్షకులే.

మన దగ్గర కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న 2015 జులై 10 నుంచి 2017 ఏప్రిల్ 28 దాకా ప్రతి ఇంట్లో నలిగింది. ఎన్ని జవాబులు పుట్టాయో లెక్కలేదు, ఆ సంబరం నాకూ ఇష్టమే. కానీ ఆ ప్రశ్నను సినిమాయే మన చేతికిచ్చి పంపింది. ఎమిలీ విషయంలో అలా ఎవరూ ఇవ్వలేదు. కథలో ఒక ఖాళీ ఉందని గుర్తించడమే ఇక్కడ మొదటి పని. జవాబు వెతకడం కంటే అది కష్టం. ఊహాగానాల్లో నాణ్యత తేలేది అక్కడేనని నా అభిప్రాయం.

మూడో సీజన్‌లో అభిమానులకి రెండు ఇటుకలు దొరికాయి. ‘లేడీబగ్’ అనే ఎపిసోడ్‌లో నతాలీ అచ్చం లేడీబగ్‌లా ఉండే సెంటీమాన్‌స్టర్‌ను పుట్టిస్తుంది. అంతవరకూ ఇవి భూతాల్లాంటి ఆకారాలే. ఈ అమ్మాయి మాట్లాడుతుంది, ఆలోచిస్తుంది, చివరికి తనను పుట్టించినవాళ్ళ మీదే తిరగబడుతుంది. మరుక్షణం నతాలీ చిటికెతో ఆమెను మాయం చేసేస్తుంది. పిల్లల సీరియల్‌లో అంత నిర్దయ అయిన దృశ్యం ఇంకొకటి నాకు గుర్తులేదు. దాని వల్ల తేలిన విషయం స్పష్టం. ఈ ప్రాణులు మనుషుల్లా కనిపించగలవు, మనుషుల్లా మనసుతో ఉండగలవు.

రెండో ఇటుక ‘ఫెలిక్స్’ ఎపిసోడ్. అందులో ఎమిలీ కవల సోదరి వస్తుంది. పేరు అమెలీ. కొడుకు ఫెలిక్స్‌ను వెంటబెట్టుకుని వచ్చిన ఆవిడ గాబ్రియేల్‌ని పెళ్ళి ఉంగరాలు అడుగుతుంది. అవి తమ పుట్టింటి జంట ఉంగరాలని, తిరిగి ఇచ్చెయ్యమని అంటుంది. గాబ్రియేల్ ఇవ్వనంటాడు. ఎపిసోడ్ చివర్లో ఫెలిక్స్ గాబ్రియేల్ ఉంగరం కాజేస్తాడు. కథ దృష్ట్యా ఆ దొంగతనంతో ఆ రోజు ఒరిగిందేమీ లేదు. అడ్రియన్ పోలికలతో అచ్చుగుద్దినట్టున్న ఒక అబ్బాయి, ఉంగరం కోసం అంత తహతహ, దాన్ని వదలని తండ్రి. వెండి పోగు అంత విలువ కూడా చెయ్యని నగ కోసం ఇంత గొడవ ఎందుకని అభిమానులు ఆలోచనలో పడ్డారు. దాంతో పాత ఎపిసోడ్లన్నీ తిరగేశారు. అప్పుడు కనిపించింది గాబ్రియేల్ చెయ్యి.

ఆ చెయ్యి అంత బాగా కనిపించడానికి ఇంకో కారణం ఉందని నాకనిపిస్తుంది. ఈ సీరియల్ అన్ని దేశాల్లో ఒకే వరసలో రాదు. ఒక కొత్త ఎపిసోడ్ ముందు బ్రెజిల్‌లో పోర్చుగీసులో రావచ్చు, ఇంకొకటి ఇంకో దేశంలో ఇంకో భాషలో రావచ్చు. ఆగలేని అభిమానులు తెలియని భాషలోనే చూసేస్తారు. మాట అర్థం కానప్పుడు మనిషి ముఖం చూస్తాడు, చేతులు చూస్తాడు, గోడ మీది పటం చూస్తాడు. సంభాషణ మీద ఆధారపడే ప్రేక్షకుడికి జారిపోయేవన్నీ వాళ్ళ కళ్ళకి చిక్కుతాయి.

ఇప్పుడు ఊహ రూపం దాల్చింది. అడ్రియన్ ఎమిలీ కడుపున పుట్టలేదు, నెమలి బ్రోచ్ మహిమతో పుట్టాడు. అతని ప్రాణం ఆ జంట ఉంగరాల్లో ఉంది. ఉంగరం పట్టుకుని ఏది చెప్తే అది అతను చెయ్యాల్సిందే.

అభ్యంతరాలు వెల్లువెత్తాయి. సెంటీమాన్‌స్టర్లు కాసేపుండి పోతాయి కదా, ఈ అబ్బాయి ఇన్నేళ్ళు ఎలా పెరిగాడు? జవాబు: ఎంతకాలం ఉండాలన్న గడువు నియమంలో ఎక్కడా లేదు, వస్తువు ఉన్నంతకాలం ఉంటాయి. తండ్రి మాట దాటలేనివాడు రాత్రిళ్ళు క్యాట్ న్వార్‌గా ఇల్లు దాటి ఎలా పోతున్నాడు? జవాబు: ఆజ్ఞ ఇచ్చినప్పుడే కట్టుబడాలి, తండ్రికి తెలియని పనికి ఆజ్ఞ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఈ వాదాల తీరు నాకు మన పాత పండితుల పూర్వపక్ష సిద్ధాంతాలను గుర్తుకు తెచ్చింది. ముందు ఎదుటివాడి ప్రశ్నను పూర్తి బలంతో నిలబెట్టి, దానికి కథలోంచే సమాధానం తియ్యడం. ‘నాకలా అనిపించింది’ అనేవాళ్ళకి అక్కడ చోటు లేదు.

ఊహను వ్యతిరేకించినవాళ్ళలో ఇంకో వర్గం ఉంది, వాళ్ళని తేలిగ్గా తీసుకోలేను. అడ్రియన్ తండ్రి ఆంక్షల మధ్య నలిగే పిల్లవాడు. అలాంటి ఇళ్ళల్లో పెరిగినవాళ్ళు చాలామంది అతనిలో తమను చూసుకున్నారు. అతని లొంగుబాటంతా ఉంగరం మహిమే అని తేల్చేస్తే ఆ బాధకి అర్థం పోతుందని వాళ్ళ భయం. న్యాయమైన భయమే. ఐదో సీజన్ దాన్ని పట్టించుకున్న తీరు అందుకే నాకు నచ్చింది. ‘రిప్రజెంటేషన్’ ఎపిసోడ్‌లో నిజం బయటపెట్టేది ఫెలిక్స్. అతనూ అలా పుట్టినవాడే, క్రూరుడైన తండ్రి చేతిలో ఉంగరం మహిమకి నలిగినవాడే. మారినెట్‌ ఎదుట దాన్నంతా ఒక నాటకంగా ఆడి చూపిస్తాడు. రాజులూ రాణులూ ఉన్న కథలా మొదలై, అతని సొంత గాయంలా ముగుస్తుంది. ఉంగరం వల్ల ఆ బాధ తేలిక కాలేదు. పిల్లవాణ్ణి సొంత ఆస్తిలా చూసే తండ్రి మనసుకి అదొక కంటికి కనిపించే రూపమైంది.

అన్ని ఊహలూ ఇంత శ్రద్ధగా ఉండవన్నది నిజం. బొమ్మల దుకాణంలోకి ముందే వచ్చిన కొత్త బొమ్మను చూసి ఎవరికి ఏ శక్తి వస్తుందో చెప్పేయడం ఉంది. బయటికి పొక్కిన ఒక పోస్టరులో రంగుల్ని చూసి పెళ్ళిళ్ళు కుదిర్చేయడం ఉంది. అది కూడా సరదాయే, పిల్లలకి కావలసినదే. కానీ దానికి కథ చదవనక్కర్లేదు.

ఐదో సీజన్ ముగింపు ‘రీక్రియేషన్’ 2023లో వచ్చింది. ఆరో సీజన్ మొదలైంది 2025 జనవరిలో. ఆ ఏడాదిన్నర అభిమానులకి పండగ, పరీక్ష రెండూను. ఎందుకంటే రచయితలు కథను చాలా ఇబ్బందికరమైన చోట ఆపారు. గాబ్రియేల్ రెండు నగలూ సంపాదించి కోరిక కోరుకుంటాడు. మూల్యంగా తన ప్రాణమే ఇస్తాడు, మృత్యుముఖంలో ఉన్న నతాలీ బతుకుతుంది. లేడీబగ్‌కి అతనెవరో తెలిసిపోయింది. అయినా అడ్రియన్‌కి మాత్రం, నీ తండ్రి నగరాన్ని కాపాడుతూ వీరుడిలా పోయాడని నమ్మనిస్తుంది. సీతాకోకచిలుక నగ, మొదటి సీజన్ చివర్లో చిన్న చిన్న అబద్ధాలాడే పిల్లగా పరిచయమైన లీలా చేతికి చిక్కింది.

ఈ విరామంలో నేను చదివిన ఊహల్లో పదునైనవి రెండు. మొదటిదానికి పునాది మూడో సీజన్‌లోని ‘షా బ్లాన్’. అందులో భవిష్యత్తులో పారిస్ నీట మునిగి ఉంటుంది, చంద్రుడు ముక్కలై ఉంటాడు, తెల్లబడిపోయిన క్యాట్ న్వార్ ఒంటరిగా మిగిలి ఉంటాడు. తమ ప్రేమ వల్లే ఇలా జరిగిందని లేడీబగ్‌తో చెప్తాడు. ఆమె అంతే విని వెనక్కి వచ్చి ఆ భవిష్యత్తును చెరిపేస్తుంది. మనకి మాత్రం అసలు కారణం తెలుసు. హాక్ మాత్ తన తండ్రేనని, తల్లి గాజు పేటికలో ఉందని తెలిసిన క్షణంలో అతని మనసు విరిగింది, సీతాకోకచిలుక అక్కడే వాలింది. అంటే అడ్రియన్‌కి తండ్రి నిజం తెలిస్తే ఏమవుతుందో కథ ఒకసారి చూపించేసింది. మారినెట్ ఇప్పుడు దాస్తున్నది సరిగ్గా ఆ నిజాన్నే. ఆమెకి ఆ లంకె తెలియదు. పైగా అడ్రియనే క్యాట్ న్వార్ అని కూడా తెలియదు కాబట్టి, ఒకే అబ్బాయికి రెండు ముఖాల దగ్గరా ఒకే అబద్ధం చెప్తోంది. సీతాకోకచిలుక లీలా దగ్గరుంది. ఈ నాలుగు విషయాలనూ పక్కపక్కన పెట్టినవాళ్ళు, ఆరో సీజన్‌లో అసలు ప్రమాదం కొత్త శత్రువు బలం కాదని, ఆ నిజం తప్పు మనిషి నోట తప్పు సమయంలో బయటపడటమేనని వాదించారు. ఒక్క దృశ్యం కూడా చూడకుండా, పాత ఎపిసోడ్ల నుంచే అంత దూరం వెళ్ళారు.

రెండోది నతాలీ గురించి, నాకు మరీ ఇష్టమైనది అదే. ఈ రహస్యం మారినెట్ ఒక్కర్తే మోయడం లేదు. ఫెలిక్స్‌కి తెలుసు, అతనిలాగే పుట్టిన కగామి అనే అమ్మాయికి పుట్టుక సంగతి తెలుసు, నతాలీకి అన్నీ తెలుసు. ఎవరి నోరు ముందు జారుతుంది? చాలామంది ఫెలిక్స్ అన్నారు. కోపం ఉన్నవాడు, దాచడం చేతకానివాడు. నతాలీ వైపు నిలబడినవాళ్ళ వాదం వేరు. ఆమె గాబ్రియేల్‌ని ప్రేమించి అతని నేరాల్లో పాలుపంచుకుంది, ఆ బ్రోచ్‌తో ఆరోగ్యం పాడుచేసుకుంది, ఐదో సీజన్‌లో అతనికి ఎదురు తిరిగింది. కోరికకు సరిసమానమైన మూల్యం ఉండాలన్న నియమం ప్రకారం ఆమె ఇవాళ బతికున్నదే అడ్రియన్ తండ్రి పోయినందుకు. ఇప్పుడు ఆ అబ్బాయికి పెద్దదిక్కు ఆమే. రోజూ పొద్దున్నే అతనికి ఎదురుపడాలి, నాన్న వీరుడని అతను అన్నప్పుడల్లా తలూపాలి. కోపం కంటే ఈ బరువు ముందు మనిషిని మాట్లాడిస్తుందని వాళ్ళన్నారు. అయితే వెంటనే ఇంకొకరు అడ్డుపడ్డారు: నిజం చెప్పాలంటే తన పాత్ర కూడా చెప్పాలి, తల్లి స్థానంలో ఉన్న మనిషి అలా రెండోసారి ఆ పిల్లవాణ్ణి అనాథను చేస్తుందా అని. ఆరో సీజన్ మొదలయ్యే రోజు దాకా ఆ రెండు పక్షాల్లో ఎవరూ వెనక్కి తగ్గలేదు.